కపటవధువు: మాలతీమాధవము మొదలు మాయాబజారు వరకు



పింగళి నాగేంద్రరావుగారి స్మృత్యర్థమై ఏర్పడిన ఈ యుపన్యాసము చేయుటకు నన్ను పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞుడను. చలనచిత్రములకు వ్రాసిన రచయిత పేర సాహిత్యోపన్యాసము జరుగుట ఉచితమా యని శంకించువారు ఇప్పటికిని కొందరు లేకపోలేదు. వారి శంకకు నాగేంద్రరావుగారి జీవితక్రమమే సమాధానము. 1901లో జన్మించి 1971లో దివంగతులైన ఆ మహాశయుడు వెండితెరకు రాకమునుపే బందరు రంగస్థలమున నాటకకర్తగా పేరొందినవాడు, ద్విజేంద్రలాల్ రాయ్ వంగనాటకములను ‘మేవాడు పతనము’, ‘పాషాణి’ యను పేర్లతో తెనిగించినవాడు, ‘వింధ్యరాణి’ రచించినవాడు. ఎదుట కూర్చున్న ప్రేక్షకునికి ఏ రహస్యమును ఎప్పుడు చెప్పవలెను, దానిని పాత్రలకు ఎంతవరకు చెప్పక యుంచవలెను అను విద్యను ఆయన దీపముల వెలుతురులో నడచు నాటకశాలయందు అభ్యసించి, పిమ్మట మదరాసు స్టూడియోలకు తీసికొనిపోయెను. ఆ విద్య యొక్క చరిత్రనే నేడు మీ సన్నిధిని కొంత విచారింపదలచినాను.

విచారమునకు ఆధారముగా నేను గ్రహించినది ఆయన మాటలును పాటలును కూర్చిన ‘మాయాబజార్’ చిత్రము. విజయా సంస్థ పక్షమున నాగిరెడ్డి, చక్రపాణి గార్లు నిర్మింపగా, కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణముతో 1957 మార్చి 27వ తేదీన విడుదలయైన ఈ చిత్రమును పౌరాణికమని వ్యవహరించుట వాడుక. కిరీటములును భుజకీర్తులును ఉన్నవి గనుక ఆ వ్యవహారము తప్పు కాదు. అయితే కిరీటములను ఒక నిమిషము పక్కకు పెట్టి కథాశరీరమును పరిశీలించినచో, ఇద్దరు యువతీయువకుల వలపు, దానికి అడ్డువచ్చిన పెద్దల బేరము, పెండ్లిపీటలపై ఒకరికి బదులు మరియొకరు కూర్చుండుట, ఇంతకు మించి అందు పురాణ మేమియు లేదు. ఈ కథానాయికయైన శశిరేఖ వ్యాసభారతమున లేదు. అభిమన్యుని భార్య ఉత్తర. పాండవుల కష్టములే కథకు మూలమైనను, ఆ యైదుగురిలో ఒక్కడును తెరపై కానరాడు. భారతము పేరు పెట్టుకొన్న కథలో పాండవులు లేకుండుట మన జానపదులకును రంగస్థలకర్తలకును పురాణముతో గల చనువునకు మంచి నిదర్శనము.

నా ప్రతిపాదన ఇది. ఒకరిని మరియొకరిగా భ్రమింపజేయు హాస్యకథలు లోకమున ఎన్నో గలవు. వానిలో మన దేశమున, విశేషించి మన తెలుగునాట, దీర్ఘకాలము నిలిచి వృద్ధిపొందినది కపటవధువు కథ. ఈ కథలో వేషము వేయుట కేవలము నవ్వించుటకు గాక, బేరముగా మారిన వివాహముపై తెచ్చిన అభియోగముగా పనిచేయును. ఎనిమిదవ శతాబ్దమునందలి భవభూతి, పందొమ్మిదవ శతాబ్దాంతమునందలి గురజాడ, 1957 నాటి విజయావారు ఒకరినుండి యొకరు ఎరువు తెచ్చుకొన్నారని నేను చెప్పను. ఒకే సాంఘికరోగమును ముగ్గురు మూడు కాలములలో చూచి, ఒకే ఔషధమును మూడు అనుపానములతో ఇచ్చినారని మాత్రము చెప్పగలను.

ఇట్టి భ్రాంతి యెన్ని విధములుగా కలుగునో మొదట నిర్ణయించుకొందము. దైవికముగా కలుగునది యొకటి. రోమకకవి ప్లాటస్ రచించిన ‘మెనేక్మి’లో కవలసోదరులు ఒకే పట్టణమున తిరుగుచు, ఒకరికి రావలసిన విందు మరియొకరికిని, ఒకరికి తగిలిన నింద వేరొకరికిని సంక్రమింపజేయుదురు. షేక్స్పియరు దానినే గ్రహించి, సేవకులను గూడ కవలలుగా చేసి, ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ కూర్చెను. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1869లో దానిని ‘భ్రాంతివిలాస’మను పేర వంగభాషలోనికి తెచ్చెను. మన ‘భగవదజ్జుకము’న యమభటుడు ఒక వసంతసేనకు బదులు మరియొక వసంతసేన ప్రాణములను పట్టుకొనిపోవుటయు ఈ జాతిలోనిదే. ఇట్టి కథలలో ఎవరును ఎవరిని మోసగింపరు. విధి ఆడుకొనును, మనము ఒడ్డున నిలిచి చూచి నవ్వుదుము. కల్పితభ్రాంతి యట్టిది కాదు. అక్కడ ఒకడు బుద్ధిపూర్వకముగా రూపము మార్చును, ఆ మర్మమును మనకు ముందుగనే తెలుపును, ఆ క్షణమునుండి మనమును ఆ కుట్రలో భాగస్వాములమగుదుము. మన నవ్వులో కొంత బాధ్యత యుండును.

తెలుగు ప్రబంధకవులు ఈ రెండవ మార్గమునందే ఎక్కువ మక్కువ చూపిరి. పెద్దనార్యుని మాయాప్రవరుడు జగమెరిగినవాడు. కాని ప్రవరుని రూపము దాల్చిన గంధర్వునిచే వంచితయైన వరూధిని ఆ వంచనను ఎన్నడును ఎరుగకపోవుటచేత, అచ్చట నవ్వునకు బదులు జాలి కలుగును. పింగళి సూరనార్యుని ‘కళాపూర్ణోదయము’లో మణికంధరుడు నలకూబరుని రూపమును, కలభాషిణి రంభ రూపమును దాల్చి, ఎదుటివారు నిజమైనవారే యని ఇరువురును నమ్మి కలిసికొనుటయు, పిమ్మట అసలు రంభ వచ్చి తన రూపుననున్న దానితో వాదులాడుటయు కలవు. సాటిలేని కల్పన యది. ఆ ప్రబంధకర్తకును, ఈ నాటకకర్తకును ఇంటిపేరు ఒకటియగుట యాదృచ్ఛికమే యనుకొనవలెను. అయినను సూరన కుతూహలము రూపమునకును వ్యక్తికిని గల సంబంధముపై నిలిచినది, వివాహవ్యవస్థపై కాదు.

ఆ వ్యవస్థపై దృష్టి నిలిపినది సుభద్రార్జునుల కథ. భాగవత దశమస్కంధమునందే బలరాముడు చెల్లెలిని దుర్యోధనునికీయ నిశ్చయించుటయు, అర్జునుడు త్రిదండియై వచ్చి, ఆ బలరామునిచేతనే పూజలందుకొనుటయు ఉన్నవి. తంజావూరు రఘునాథనాయకుని కొలువులోని చేమకూర వేంకటకవి ‘విజయవిలాసము’న ఆ కపటయతి చేసిన విలాసము తెలుగువారికి కొత్త కాదు. ఇప్పుడు ఒక తరము గడువనిండు. అదే బలరాముడు, అదే దుర్యోధనపక్షపాతము, అదే కృష్ణుని లోపాయికారి సాయము. చెల్లెలికి బదులు కూతురు, అర్జునునికి బదులు అర్జునుని కుమారుడు. శశిరేఖాపరిణయమును అల్లిన అజ్ఞాతజానపదుడు తల్లి పెండ్లికథను చూచి కుమారుని పెండ్లికథ కల్పించినాడనుట నా ఊహ. ఒక మార్పు మాత్రము మిక్కిలి ముఖ్యము: తల్లి కథలో వేషము వరునిది, కుమారుని కథలో వేషము వధువుది. ఆ మార్పుతో కథ సాహసమునుండి విమర్శనమునకు తిరిగినది.

ఇక భవభూతి. ‘మాలతీమాధవము’ పదియంకముల ప్రకరణము. భూరివసువు, దేవరాతుడు అను సహాధ్యాయులు తమకు కలుగబోవు సంతానమునకు పరస్పరము వివాహము చేయ బాసచేసికొనిరి. కాలము మారి భూరివసువు పద్మావతీరాజునకు మంత్రియయ్యెను. రాజు తన నర్మసచివుడైన నందనునికి మంత్రికూతురు మాలతి నడిగెను. రాజాజ్ఞకును పూర్వప్రతిజ్ఞకును నడుమ తండ్రి నోరు మెదపలేకపోయెను. అప్పుడు ఆ స్నేహితులిద్దరితోడను చదివిన బౌద్ధపరివ్రాజిక కామందకి పూనుకొని, పెండ్లికి ముందు దేవాలయమునకు వచ్చిన మాలతిని మాధవునితో పంపివేసి, ఆమె పెండ్లిచీరను మాధవుని మిత్రుడైన మకరందునకు కట్టి, నందనుని యింటికి పంపెను. నందనుని పరాభవమును కవి రంగముపై చూపక, బుద్ధరక్షిత నోట చెప్పించి ఊరకుండెను. వదినెగారి పొగరు అణచవలెనని వచ్చిన నందనుని చెల్లెలు మదయంతిక, ముసుగులో తన ప్రియుడే యున్నాడని తెలిసి, అతనితోనే వెడలిపోయెను.

ఈ కథాసూత్రమును మాయాబజారుతో పోల్చి చూడుడు. పూర్వము జరిగిన వాగ్దానము, దాని భంగము, అధికారమునకు దగ్గరివాడైన అయోగ్యవరుడు, నోరు మెదపలేని కన్య, లోకము తెలిసిన సూత్రధారి, పెండ్లికూతురి వస్త్రములలో పురుషుడు. కామందకి చేసిన పని కృష్ణుడు చేసెను. రోమకులకును కపటవధువు తెలియకపోలేదు. ప్లాటస్ ‘కాసినా’యందు ముసలిభర్త దురాశకు భంగముగా ఇల్లాలు ఒక సేవకునికి పెండ్లికూతురి వేషము వేయించి తన్నించును. కాని ఆ కాసినా యను కన్య నాటకమున ఒక్కమారైనను రంగముపైకి రాదు. అది యిల్లాలి ప్రతీకారము. భవభూతి కథలో వేషము జరుగుచున్న వేళకే నిజమైన జంట ఏకమగుచుండును. వంచన ఒక యింట, వివాహము వేరొకచోట. ఈ జంటఘటనయే మనవారి సొమ్ము.

రంగమున పురుషుడు స్త్రీగా కూర్చుండు దృశ్యము తెలుగు ప్రేక్షకునికి భయానకరూపమునను పరిచితమే. విరటుని నర్తనశాలలో చీకటిమాటున ద్రౌపదికి బదులు భీముడు వేచియున్న ఘట్టమును తిక్కన రచించిన తీరును ఇచట వర్ణింపబూనను. అయితే సురభి నాటకసమాజము 1885లో కడపమండలమున తొలిగా ఆడినది ‘కీచకవధ’ యగుట గమనింపదగినది. తెలుగు వృత్తినాటకరంగము ఒక కపటస్త్రీతోనే ప్రారంభమైనదనవచ్చును. ఆ సమాజమువారి ‘మాయాబజారు’ తరతరములుగా ఊరూర ఆడుచుండుటయు మీరెరిగినదే.

గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’నకు వచ్చునప్పటికి ఈ హాస్యము రాజాంతఃపురములను విడిచి అగ్రహారపు వీధియరుగుపైకి దిగినది. 1892లో విజయనగరమున ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పెంచి తిరిగి వ్రాయబడిన ఈ నాటకము యొక్క తొలికూర్పు పీఠికలో ఒక లెక్క గలదు: విశాఖపట్టణమండలమున మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములు 1034, వానిలో అయిదేండ్ల వయస్సు గల కన్యలు 99 మంది, ఏడాది నిండిన శిశువులు గూడ కలరు. ఒక హాస్యనాటకమునకు ముందు ఇట్టి పట్టిక నుంచుట ఏమి ధైర్యము! అగ్నిహోత్రావధానులు చిన్నకూతురు సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధానులకు విక్రయింప నిశ్చయించెను. ఆమె మేనమామ కరటకశాస్త్రి విదూషకవేషములు వేయు నటుడు. చెల్లెలి దుఃఖము చూడలేక, శిష్యుడైన మహేశమునకు ఆడవేషము వేసి, తాను గుంటూరు శాస్త్రినని చెప్పి, తక్కువ ధరకు ‘కూతురి’ నిచ్చెదనని లుబ్ధావధానులను వలలో వేసెను. ఇచట వేషము యొక్క తర్కమును గమనింపుడు. బాలికను సరకుగా కొనవచ్చునన్నప్పుడు, ఆ సరకు కల్తీ కావచ్చుననుటయు అంగీకరింపవలసినదే. ధర తగ్గించినంతనే లుబ్ధుడు సుబ్బిని విడిచి ఈ కొత్తదాని వంక తిరిగినాడు. వానికి కావలసినది సుబ్బి కాదని, అసలు ఏ మనిషియు కాదని ఆ ఒక్క వేషము తేల్చినది.

రంగస్థలధర్మమొకటి ఇచట మనవి చేయవలసియున్నది. ఆ కాలమున స్త్రీపాత్రలను పెక్కుచోట్ల పురుషులే ధరించుచుండిరి. కూచిపూడి భామాకలాపమున సత్యభామయు పురుషుడే. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచి స్త్రీలే నడక దిద్దుకొనిరని ప్రతీతి. అట్టి రంగముపై కన్యాశుల్కమునందలి మధురవాణియు పురుషుడే, కపటకన్యయు పురుషుడే. మొదటివానిని స్త్రీ యని నమ్మి, రెండవవాని వేషమును చూచి నవ్వవలెను. ప్రేక్షకుని యందు ఇంతటి సూక్ష్మవివేకమును ఏ శాస్త్రమును నేర్పలేదు, వీధిభాగవతులు నేర్పిరి.

చలనచిత్రము ఈ ధర్మమును తలక్రిందులు చేసినది. మాయాబజారులో మాయాశశిరేఖ ఘటోత్కచుడే. కాని తెరపైనున్నది సావిత్రి. అనగా స్త్రీ యొకతె, స్త్రీరూపము దాల్చిన రాక్షసుడైన పురుషుని నటింపవలెను. అసలు శశిరేఖ సౌకుమార్యమును ఒకవంకను, ఎస్.వి. రంగారావుగారి ఠీవిని మరియొకవంకను ఒకే దేహమున నిలిపి, కనుబొమ యెత్తుటలోను, అడుగు వేయుటలోను, ఉన్నట్టుండి గంభీరమై మరల లజ్జ నటించుటలోను ఆమె చూపిన నేర్పు భారతీయచలనచిత్రములందు తక్కువమందికి లభించినది. పెండ్లి తలచుకొని మాయాశశిరేఖ పాడు పాటలో సుశీలగారి కంఠమును ఘంటసాలగారి కంఠమును ఆ యొక్క దేహమునుండియే వెలువడుట ఈ ద్వైధీభావమునకు చెవికి వినిపించు రూపము. రెండేండ్ల ముందు, 1955లో, అదే సావిత్రి చలనచిత్రమైన ‘కన్యాశుల్కము’న మధురవాణిగాను, ‘మిస్సమ్మ’లో ఉద్యోగము కొరకు పరాయివాని భార్యగా నటించు మేరీగాను కనిపించియుండెను.

చిత్రకథాసంవిధానమును ఇంకను దగ్గరగా చూడవలెను. నేను మొదట చెప్పిన రెండు భ్రాంతులును ఇందు వరుసగా వచ్చును. అడవిలో ఘటోత్కచుడు తన తమ్ముడని ఎరుగక అభిమన్యునితో పోరాడుట దైవికభ్రాంతి. సుభద్ర కోపించి విల్లందుకొన్న పిమ్మట వావి తెలిసి అది తొలగును. ఆ తొలగుటయే రెండవదానికి బీజము: పినతల్లికి జరిగిన అవమానము విన్న ఘటోత్కచుడు, నిద్రించుచున్న శశిరేఖను పాన్పుతోగూడ ఎత్తి తన ఆశ్రమమునకు చేర్చి, తాను ఆమె రూపున ద్వారకలో నిలుచును. ఎరుగక చేసిన తప్పునుండి ఎరిగి చేయు మాయకు కథ ఎంత సులభముగా దాటినదో చూడుడు.

అంతకుమున్ను కథారంభముననే నాగేంద్రరావుగారు ‘ప్రియదర్శిని’ యను పేటికను ప్రవేశపెట్టిరి. దాని మూత తెరచినవారికి వారివారి మనస్సున మిక్కిలి ప్రియమైనది అందు కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడుట సహజము. రేవతికి ఆభరణములు కనబడెను. బలరామునకు దుర్యోధనుడు కనబడెను. కృష్ణునకు శకుని కనబడెను. ప్రతివాని అంతరంగమును ఒక్కొక్క చిత్రముతో వెల్లడించిన ఈ కల్పన చివర ‘సత్యపీఠము’తో జతపడును. దానిపై నిలిచిన శకుని, నోరు తన వశము తప్పగా, పెండ్లి వెనుకనున్న రాజకీయమంతయు తానే బయటపెట్టును: యాదవబలమును కౌరవపక్షమునకు కట్టివేయుటకే ఈ సంబంధమని. పేటిక కోరికను చూపును, పీఠము కుట్రను చెప్పించును. ఈ రెంటి నడుమ మాయాశశిరేఖ తిరుగుచుండును. వరుడుగా వచ్చిన దుర్యోధనపుత్రుడు లక్ష్మణకుమారునికి పాణిగ్రహణవేళ చేయి నలిగి, కాలు నలిగి, తాను కోరినదేమో తెలియక కేకలు వేయునప్పుడు, ఆ పీటల వద్దనే కాక ఆశ్రమమున నిజవివాహము జరుగుచున్నచోటను కృష్ణుడు ఉపస్థితుడై యుండుటను దర్శకుడు చూపెను. భవభూతి రెండిండ్లలో చూపిన జంటఘటనను కె.వి. రెడ్డిగారు కూర్పుబల్లపై ఒకే కాలమున నడపగలిగిరి. కెమెరాకు మాత్రమే సాధ్యమైన పనిని ఇతరులు చమత్కారము కొరకు వాడిరి. ఆయన తాత్పర్యము కొరకు వాడిరి.

విడిదియిల్లు మరువరానిది. మగపెండ్లివారి దర్పము, మర్యాదలకై వారు చేయు పేచీలు, ఏది పెట్టినను ఏదో తక్కువైనదను శర్మశాస్త్రుల తర్కము, అన్నిటికి తలయూపుచు మాయావస్తువులను అమర్చు ఘటోత్కచుని అనుచరుడు చినమయ్య: ఇది ద్వాపరయుగము కాదు. కృష్ణాగోదావరీమండలములలో ఆ దశాబ్దపు పెండ్లిపందిళ్ల క్రింద ప్రతి ఆడపిల్ల తండ్రియు అనుభవించినది. కన్యాశుల్కము క్షీణించి వరశుల్కము బలిసిన కాలమది. గురజాడ కాలమున కొన్నవాడు వరుడు. విజయావారి కాలమున కొనబడువాడు వరుడు. రెంటికి నడుమ బేరము దిక్కు మార్చినను బేరముగానే నిలిచినది, కపటవధువు హాస్యము గూడ నిలిచినది. ‘మిస్సమ్మ’యందును, 1962 నాటి ‘గుండమ్మకథ’యందును ఇదే హాస్యము వధువును విడిచి వరులను, ఉపాధ్యాయులను, సేవకవేషధారులను ఆశ్రయించినది. ఆ చిత్రములు మధురములే. కాని వానియందు వేషము వలన నష్టపడువాడు లేడు; అందుచేత వానికి మాయాబజారునకున్న పదును లేదు.

నష్టపడువాని మాట వచ్చినది గనుక ఇంకొకటి చెప్పవలెను. ఇట్టి కథలలో వంచితుడైన వరుని గతి యేమి? భవభూతి నందనుని తెరవెనుకనే యుంచి, చెప్పుడుమాటతో సరిపెట్టెను. గురజాడ అట్లు విడువలేదు. కపటకన్య మాయమైన పిమ్మట, ఆమెను చంపినాడను నింద లుబ్ధావధానులపై పడినది. వేషము వేసినవారు వేషము విప్పి వెళ్లిపోగా, మోసపోయిన ముసలివాడు కచ్చేరీపాలయ్యెను. మనము ఎవని చూచి నవ్వితిమో వానికై చింతింపవలసివచ్చినది. హాస్యరచయిత తన హాస్యము యొక్క ఖర్చును తానే లెక్కవేసి చూపుట ప్రపంచవాఙ్మయమున అరుదు. ఈ విషయమున గురజాడకు నేను ప్రథమస్థానము ఇత్తును.

మాయాబజారు మార్గము వేరు. రేలంగిగారి లక్ష్మణకుమారుడు దుష్టుడు కాడు. అద్దము ముందునుండి కదలని పసివాడు. తండ్రియు శకునియు వానిని పాచికగా దొర్లించిరి. వాని పరాభవమును చూచి మనము నవ్వునప్పుడు, భారతము చదివిన తెలుగు ప్రేక్షకునికి లోపల ఒకటి తెలిసియే యుండును. ద్రోణపర్వమున, యుద్ధపు పదమూడవనాడు, పద్మవ్యూహములో ఈ లక్ష్మణకుమారుడు అభిమన్యుని చేతనే కూలెను; అభిమన్యుడు అదేనాడు కూలెను. మరునాటి రాత్రి కర్ణుని శక్తికి ఘటోత్కచుడు బలియయ్యెను. ఆ పెండ్లిపందిరిలో పీటలకై పోటీపడిన ఇద్దరు వరులును, పీటలపై కూర్చున్న కపటవధువును, రెండు దినములలో లేకుండపోయిరి. ఈ సంగతి చిత్రమున ఎక్కడను చెప్పబడలేదు. చెప్పవలసిన పనియు లేదు. పాండవులను తెరపైకి రానీయక, కురుక్షేత్రపు ప్రస్తావనను శకుని మాటలయందు మాత్రమే ఉంచి, నాగేంద్రరావు, కె.వి. రెడ్డి గార్లు కథను యుద్ధమునకు ఈవలనే నిలిపిరి. బలరాముడు ఒప్పుకొనెను, నిజదంపతులు ఆశీస్సులందుకొనిరి, ఘటోత్కచుడు తన స్వరూపమున నిలిచి కృష్ణుని స్తుతించెను. అచ్చటనే వారు చిత్రమును ముగించిరి.